కజెమారు వంశవృక్షం

పద్మనాభంగారు అధికారిగా వచ్చిన నాలుగో నెలకల్లా గరువుపాలెం రవాణా కార్యాలయంలో ఇంగ్లీషు ముక్క కనపడటం మానేసింది. గేటు పక్కన ఉండే 'పార్కింగ్' బోర్డు పీకించి 'వాహన విరామ స్థలి' అని రాయించారు. ఆ రోజు నుంచీ జనం తమ బళ్ళని రోడ్డు మీదే వదిలి లోపలికి నడిచి రావడం మొదలుపెట్టారు. అక్కడ ఎవరో పెద్దమనిషిని సమాధి చేశారని ఊరంతా పాకిపోయింది. ఎవరో రెండు బంతిపూలు కూడా పెట్టి వెళ్ళారు.

పనులు తెలుగులో జరపమని పైనుంచి వచ్చిన ఉత్తర్వు ఒక్క పేజీ. పద్మనాభంగారు దాన్ని ఒక యజ్ఞం చేశారు. తొంభై రెండు రకాల ఫారాలనీ, నాలుగు నెలల ఆదివారాలు ధారపోసి, రెండు నిఘంటువులు ఎదురుగా పెట్టుకుని స్వయంగా తెనిగించారు. తెనిగించిన ఫారాన్ని మళ్ళీ తెలుగులోకి చెప్పడానికి గేటు బయట ఇద్దరు కొత్తగా బల్లలు వేసుకుని బతుకుతున్నారు.

ఆ ఫారాల్లో ఇరవై మూడో నంబరుది కాశిం మేస్త్రి చేతికి వచ్చింది.

నూర్‌బాషా కాశింకి యాభై నాలుగేళ్ళు. లారీ అడుగున పడుకుని శబ్దం విని జబ్బు చెప్పగల మెకానిక్కు. ఆయన షెడ్డులో, పాత జంపఖానా కప్పుకుని, రెండే తలుపుల జపాను కారు ఒకటి ఉంది. ముప్పై ఏళ్ళ కిందట పొగాకు కొనడానికి వచ్చిన ఒక జపాను పెద్దమనిషి ఓడ మీద తెప్పించుకున్న కారది. మన రోడ్లకి దాని నడుం విరిగింది. దాని బానెట్టు ఎత్తి లోపల ఏముందో తెలుసుకోగలిగినవాడు ఈ చుట్టుపక్కల కాశిం ఒక్కడే కావడంతో, స్వదేశం వెళ్ళిపోతూ ఆయన కాయితాలన్నీ కాశిం పేర రాసి, రెండు చేతులతో తాళం ఇచ్చి, నడుం వంచి దండం పెట్టి మరీ వెళ్ళాడు. మనిషికి కాదు, కారుకి.

కారు పేరు కజెమారు. గరువుపాలెం నోట్లో పడి అది కాజా మారుతి అయింది. మారుతి కంపెనీవాళ్ళు కాజా అనే ఒక షావుకారు కోసం ప్రత్యేకంగా చేసిచ్చిన కారని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. కాశిం దాన్ని విప్పి, దొరకని సామాను లేతు మీద తనే చేసుకుని, పదకొండేళ్ళు కూర్చుని మళ్ళీ బిగించాడు. మొన్న ఉగాది ముందు అది మొదటిసారి సొంత గొంతుతో గుర్రుమన్నది. ఆ రోజు కాశిం అన్నం తినలేదు.

ఆ తర్వాత పదిరోజులకి నోటీసు వచ్చింది. కాలం చెల్లిన వాహనాలన్నీ ఈ నెల ముప్పయ్యో తేదీలోగా పునర్నమోదు చేయించుకోవాలి. లేనిపక్షంలో తుక్కు చేయబడును. తుక్కు చేసే లారీ, దాని మీద ఇనప దవడల యంత్రం జిల్లాకి అప్పుడే వచ్చి ఉన్నాయి. అది పక్క వీధిలో ఒక పాత జీపుని నమిలిన చప్పుడు కాశిం తన షెడ్డులోంచి విన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఫారం నింపి ఇచ్చాడు. పదమూడో గడిలో 'వాహన స్వరూపము' అని ఉంది. రెండు తలుపుల పరుగుబండిని అనే మాటే, స్పోర్ట్స్ కూపే అని రాశాడు. సీనియర్ అసిస్టెంటు భ్రమరాంబగారు అది చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇంగ్లీషు కుదరదు మేస్త్రీ. అయ్యగారు ఊరుకోరు."

"మరి తెలుగులో ఏమంటారమ్మా?"

ఆమె అయ్యగారి నిఘంటువు తిప్పింది. స్పోర్ట్స్ అంటే క్రీడా. కూపే దొరకలేదు. దగ్గర్లో దొరికిన మాటే వేసి 'క్రీడా కూపము' అని తనే నింపింది. కూపమంటే బావి కాబట్టి ఫైలు నియమం ప్రకారం భూగర్భజల శాఖకి వెళ్ళింది. వాళ్ళు కూడా నియమం తప్పనివాళ్ళు. ఒక మనిషి టేపు పట్టుకుని షెడ్డుకి వచ్చి, కారు ఎత్తు కొలిచి, కింద తడి ఉందేమో చేత్తో తడిమి వెళ్ళాడు. తొమ్మిదో రోజు ఫైలు తిరిగి వచ్చింది. 'సదరు కూపము లోతు నాలుగు అడుగులు. నీరు లేదు. నూనె స్వల్పముగా కలదు. మా శాఖకు అభ్యంతరము లేదు.'

"మంచిదే, ఒక శాఖ ఒప్పుకుంది," అంది భ్రమరాంబగారు. ఆవిడ వెటకారం చేస్తోందో ఓదారుస్తోందో కాశింకి బోధపడలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆవిడకీ ఆ తేడా పోయినట్టుంది.

అసలు గండం పద్నాలుగో గడిలో ఉంది. కారు ఎన్నో జనరేషన్‌దో రాయాల్సిన చోట 'తరము' అని ఉంది. కాశిం నిజాయితీగా 'నాలుగవ' అని రాశాడు. పద్మనాభంగారు ఆ మాట దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నాలుగవ తరమా?"

"అవునండయ్యా. కజెమారులో ఇది నాలుగో తరంది. మొత్తం ఆరున్నాయి."

"అనగా ఇది మొదటి తరమువారి నుండి రెండవ తరమునకు, అటుపిమ్మట మూడవ తరమునకు సంక్రమించి, తదుపరి ఇందు పరిణమించినదన్నమాట."

"అంతేనండీ, అట్టాగే మారుకుంటా వచ్చింది."

"అట్టి పరంపరను ధ్రువీకరించు పత్రమేది?"

పద్మనాభంగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన పుట్టుకతో చెడ్డవాడు కాదు. ఒక మాట కాయితం మీదకి ఎక్కిందంటే దానికి గౌరవం ఇవ్వాలని నమ్మినవాడు, అంతే.

"చూడవయ్యా! నాలుగు తరములని నీవే రాతపూర్వకముగా అంగీకరించితివి. తరములున్నచోట వంశముండును. వంశమున్నచోట వారసులుందురు. రేపు మూడవ తరమువారు వచ్చి మాకు తెలియకుండ ఎట్లు నమోదు చేసితిరని ప్రశ్నించిన, సమాధానము చెప్పవలసినది నేను. రెవెన్యూ శాఖనుండి వంశవృక్ష ధ్రువీకరణ పత్రము గైకొని రమ్ము."

"అది మనుషులకి ఇచ్చేది గదండీ?"

"ఉత్తర్వులో మనుషులకని ఉన్నదా? తరములకని ఉన్నది."

అప్పటికి పదమూడో తేదీ.

ఇంటికి వచ్చి భార్య హుస్సేన్‌బీకి చెబితే ఆమె చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆపింది.

"నాలుగోదని రాయకపోతే ఏం? ఒకటోదని రాస్తే సరిపోయేది గదా. ఒకటోదానికి ఎవురూ ఉండరు."

"ఒకటోది కాదు గదే అది! ఒకటోదానికి గుండ్రటి కళ్ళు, సన్నటి నడుం. దీన్ని పట్టుకుని ఒకటోదంటే చూసినోడు నవ్వుతాడు."

"ఈ ఊళ్ళో చూసినోడు ఎవుడయ్యా? కాజా మారుతి అంటన్నారు ఇంకా!"

కానీ కాశిం అబద్ధం రాయలేడు. పిస్టన్ విషయంలో వెంట్రుకవాసి తేడా ఒప్పుకోనివాడు తరం విషయంలో ఎలా ఒప్పుకుంటాడు?

గ్రామ రెవెన్యూ అధికారి కోటిలింగం సంచిలో ఫారాలు పెట్టుకుని విచారణకి వచ్చాడు. స్టూలు మీద కూర్చుని, టీ తాగి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, జేబులోంచి పెన్ను తీశాడు.

"చెప్పు మేస్త్రీ. మూలపురుషుడెవరు?"

కాశిం లోపల్నుంచి పుస్తకం తెచ్చాడు. కంపెనీ యాభై ఏళ్ళ పండక్కి అచ్చువేసిన రంగుల పుస్తకం. జపాను పెద్దమనిషి మర్చిపోకుండా పోస్టులో పంపాడు. అక్షరాలు ఒక్కటీ అర్థం కావు. బొమ్మలు మాత్రం కాశింకి ఇంట్లోవాళ్ళ ఫొటోలంత పరిచయం.

"ఇదిగోండి, ఇది మొదటిది. సన్నగా, తేలిగ్గా, పాలపిట్టలాగా ఉండేది. గుండ్రటి కళ్ళు. వేగంకంటే అందం ఎక్కువ. రెండోది పెట్రోలు కరువులో పుట్టింది. అందుకని చిన్న ఇంజను, చదరపు మొహం. దానికి తుప్పు జబ్బు, తొందరగా పోయినయ్యి."

కోటిలింగం రాసుకున్నాడు. 'రెండవ కజెమారు. కరువు కాలమున జననము. చర్మవ్యాధి వలన అల్పాయుష్కులు.'

"మూడోదానికి ముక్కు సాగింది చూడండి. పడుకున్నప్పుడు కళ్ళు మూసుకుంటది. స్విచ్చి నొక్కితే లైట్ల మీద రెప్పలెత్తి చూస్తది. ఆ తెలివి మన నాలుగోదానిక్కూడా వచ్చింది. కాకపోతే మనదానికి మూలలన్నీ అరగదీసి సబ్బుబిళ్ళలాగా నున్నగా చేశారు. గాలి ఒళ్ళంతా రాసుకుంటా వెనక్కి జారిపోవాల్సిందే."

"కళ్ళు తండ్రి పోలిక," అన్నాడు కోటిలింగం మెచ్చుకోలుగా, రాస్తూనే. "సంతానం?"

"అయిదోది ఉంది. అది బరువెక్కింది. ఒంటినిండా కంప్యూటర్లు. కళ్ళు ఎప్పుడూ తెరిచే ఉంటయ్యి. రెప్పలెత్తే కళ్ళు తగిలితే నడిచేవాళ్ళకి దెబ్బలని మాన్పించారంట. దాని తర్వాత పదిహేడేళ్ళు కంపెనీ అసలు ఈ కారే చెయ్యలా. మళ్ళీ మొన్న ఆరోది వచ్చింది. పేరు కజెమారే గానీ ఇంజను ఇంకో కంపెనీది."

కోటిలింగం పెన్ను గాలిలో ఆగింది. "వేరే ఇంటి రక్తమా?"

"ఒకరకంగా అంతేననుకోండి."

"అయితే దత్తత." గట్టిగా గీత గీశాడు. "దత్తత పత్రం ఉందా?"

"జపానులో ఉండుద్దేమో."

"అబ్బ, ఆరోవాడి గొడవ మనకెందుకులే. నాలుగో ఆయన దాకా తేలిస్తే చాలు." అప్పటికే కారు ఆయన అయిపోయింది. కాశిం గమనించలేదు. గమనించినా దిద్దేవాడు కాదు.

ఇరుగుపొరుగు వాంగ్మూలాలు కావాలి కాబట్టి ఎదురుగా టీ కొట్టు చిట్టెమ్మని పిలిచారు. ఆమె చేతులు పైటకి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"ఈ కారుని నువ్వెరుగుదువా?"

"ఎరగకపోవడమేందండీ! ముప్పై ఏళ్ళ బట్టీ ఎదురుగుండా ఉంటంటే!"

"దీని తండ్రిని ఎప్పుడన్నా చూశావా?"

చిట్టెమ్మ కాశిం వంక చూసింది, కోటిలింగం వంక చూసింది, పరాచికం కాదని తేల్చుకుంది. "లేదండయ్యా. దాని కోసం చుట్టమని ఒక్కరు రాగా చూడలేదు. పాపం, మేస్త్రి తప్ప దానికెవురున్నారు?"

అది అక్షరం పొల్లుపోకుండా పంచనామాలో చేరింది. ఆమె వేలిముద్ర కింద కోటిలింగం సంతకం చేశాడు. కంప్యూటరు ఫారంలో 'లింగము' అన్న గడి ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు కాబట్టి 'పురుషుడు' అని నొక్కాడు. వృత్తి దగ్గర కాసేపు ఆలోచించి 'విశ్రాంతి' అని పెట్టాడు. వయసు ముప్పై మూడు.

అభ్యంతరాలు ఉన్నవారు తెలపవలసిందిగా నోటీసు అంటించి ఏడు రోజులు ఆగారు. ఎవరూ రాలేదు. ఒక ముసలాయన మాత్రం వచ్చి, ఆ మూడో కజెమారు వదిలిపోయిన పొలం ఏమన్నా ఉంటే కౌలుకి ఇస్తారా అని అడిగి వెళ్ళాడు.

ఇరవై ఏడో తేదీన ఫైలు తహసీల్దారు హైమవతిగారి బల్ల మీదకి చేరింది. ఆమె చురుకైన మనిషి. రోజుకి రెండువందల ఫైళ్ళు చూస్తుంది కాబట్టి దేన్నీ చదవదు, లోపం ఎక్కడుందో మాత్రం పట్టేస్తుంది.

"మొదటి ముగ్గురి మరణ ధ్రువీకరణ పత్రాలు జతపరచలేదే?"

కాశిం చేతులు నలుపుకున్నాడు. "అవి పూర్తిగా పోలేదండమ్మా. జపానులో అక్కడక్కడా తిరుగుతానే ఉన్నయ్యంట. పెళ్ళిళ్ళప్పుడూ అట్టా బయటికి తీస్తారంట."

"మీకు వాళ్ళ నుంచి ఏడేళ్ళలో ఏమైనా ఉత్తరం, ఫోను, కబురు?"

"వాటి దగ్గర్నుంచా? లేదండీ."

"ఏడేళ్ళుగా కబురు తెలియవలసినవారికి తెలియలేదు. చట్టప్రకారం మరణించినట్టే భావించవచ్చును." సంతకం పెట్టేసింది. "నెక్స్ట్."

పాలపిట్టలాంటి మొదటిది, కరువులో పుట్టిన రెండోది, రెప్పలెత్తే మూడోది ఒక్క గీతతో పోయాయి. కాశిం బయటికి వచ్చి చేతిలో కాయితం చూసుకున్నాడు. దాని మీద రాజముద్ర, కింద ఇలా ఉంది: 'శ్రీ నాల్గవ కజెమారు, తండ్రి కీర్తిశేషులు మూడవ కజెమారు, వయస్సు 33, గరువుపాలెం నివాసి అనువారు సదరు వంశమునకు చెందినవారై జీవించియున్నారని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.'

ముప్పయ్యో తేదీ పొద్దున్నే తుక్కు లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. సాయంత్రం అయిదింటిదాకా ఆగుతామన్నాడు దాని డ్రైవరు. మంచివాడే, ఇనప దవడలకి గ్రీజు పెట్టుకుంటూ కూర్చున్నాడు. కాశిం హుస్సేన్‌బీని కారు దగ్గర కాపలా పెట్టి, కాయితం పట్టుకుని రవాణా కార్యాలయానికి పరిగెత్తాడు.

పద్మనాభంగారు పత్రాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేశారు. "భేష్! ఎంత నిండైన పత్రము!" అంటూ చదువుతూ చదువుతూ చివర్లో ఆగిపోయారు.

"జీవించియున్నారు, అని ఉన్నదే?"

"అవునండీ. అట్టా రాశారు."

"జీవించియున్న వ్యక్తిని వాహనముగా నమోదు చేయుట అసాధ్యము. మనుష్యులకు నంబరు పలక బిగించిన చరిత్ర మా శాఖకు లేదు."

కాశిం బల్ల మీదకి వంగాడు. "అయితే తుక్కు చేస్తారా అయ్యా?"

"ఆహా! జీవించియున్న వ్యక్తిని తుక్కు చేయుట అంతకన్నను అసాధ్యము. అది హత్యానేరము." ఆయన మొహంలో ఒక్కసారిగా ధర్మసంకటం కనిపించింది. "సమస్య ఏమన, సదరు వ్యక్తిని ఎవరి సంరక్షణకు అప్పగించవలెను? స్వయముగా వచ్చి సంతకము చేయలేరు కదా."

"నేనున్నానండీ! ముప్పై ఏళ్ళ బట్టీ నేనే గదా చూస్తంది!"

"అయితే నీ తరములు చెప్పుము. నాలుగు తరములవారికి సంరక్షకుడుగా నుండగోరువాడు తన నాలుగు తరములు నిరూపింపవలెను. న్యాయము కదా?"

భ్రమరాంబగారు ఫారం తీసి పెన్ను పట్టుకుంది. "చెప్పు మేస్త్రీ. నీ పేరు ఉంది. నాన్న?"

"పీరుసాహెబు."

"తాత?"

"సిలార్ సాహెబు."

"ఆయన నాన్న?"

కాశిం గుర్తు చేసుకోబోయాడు. తాతకి నాన్న ఒకాయన ఉండి ఉండాలి, లేకపోతే తాత ఎలా ఉంటాడు? కానీ పేరు? చిన్నప్పుడు ఎవరో ఆయన చేసే పని గురించి చెప్పినట్టు మాత్రం లీలగా ఉంది.

"దూది ఏకేవాడంటమ్మా. ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడంట. పేరు మాత్రం... ఎవురూ చెప్పలా."

"దూది ఏకేవాడని పేరు గడిలో రాయకూడదు, మేస్త్రీ," అంది ఆవిడ. ఈసారి గొంతులో వెటకారం లేదు.

గోడ గడియారం నాలుగున్నర చూపించింది. జపానులో పుట్టిన ఇనప కారుకి నాలుగు తరాలు రాజముద్రతో సహా ఉన్నాయి. గరువుపాలెంలో పుట్టిన మనిషికి మూడు దగ్గరే ఆగిపోయాయి. పద్మనాభంగారు నిజంగానే బాధపడ్డారు. "నీవు వంశహీనుడవైతివే!" అన్నారు, ఓదార్పుగా.

అప్పుడు భ్రమరాంబగారు ఉత్తర్వుల కట్ట విప్పింది. ముప్పై ఏళ్ళుగా ఆ కట్టల్లో తిరిగిన మనిషి. ఎక్కడ తలుపుంటుందో ఆవిడకి తెలుసు, ఎవరూ అడగరు కాబట్టి చెప్పదు.

"అయ్యా, పదకొండో పేరా చూడండి. వంశము నిరూపించుకొనలేని వ్యక్తిని, వంశము నిరూపితమైన వ్యక్తి కుటుంబమున ఆశ్రితునిగా చేర్చవచ్చును."

పద్మనాభంగారు రెండుసార్లు చదివారు. పెదవులు కదుపుతూ మూడోసారి చదివారు. మెల్లగా మొహం వికసించింది.

"అనగా, ఇతడు వారికి సంరక్షకుడు కాడు. వారే ఇతనికి సంరక్షకులు!"

"అవునండీ. కుటుంబ పెద్ద కజెమారుగారు. కాశిం ఆశ్రితుడు."

"సంబంధము?"

"పెంపుడు కొడుకని వేద్దాం."

"తండ్రికి ముప్పై మూడు, కొడుక్కి యాభై నాలుగు," అన్నాడు కాశిం, నిజం చెప్పకుండా ఉండలేక.

"వయసు తేడా గడి ఈ ఫారంలో లేదు మేస్త్రీ. నువ్వు నోరు మూసుకో," అంది భ్రమరాంబగారు.

నాలుగూ యాభైకి ముద్ర పడింది. పద్మనాభంగారు తన జీపులో కాశింని పక్కన కూర్చోబెట్టుకుని స్వయంగా షెడ్డుకి వచ్చారు. దవడలు ఎత్తి సిద్ధంగా ఉన్న లారీని చెయ్యెత్తి ఆపి, జంపఖానా తొలగించి, కారు ముందు నిలబడి, విచారణ నివేదిక అక్కడికక్కడే రాశారు. 'సదరు చిరునామాయందు మోటారు వాహనమేదియు లేదు. ఒక కుటుంబము కలదు.' లారీ డ్రైవరు దాన్ని చదివి, కారుని చూసి, మళ్ళీ చదివి, బండి వెనక్కి తిప్పుకుని పోయాడు.

కాశిం ఇంకా నమ్మలేకుండా ఉన్నాడు. "అయ్యా, మరి రోడ్డు మీద తిప్పుకోవచ్చా?"

"ఒక వ్యక్తి రోడ్డు మీద సంచరించుటకు మా అనుమతి ఎందులకు? ఎడమ ప్రక్కగా, నెమ్మదిగా వెళ్ళుమని మాత్రము చెప్పుము. పెద్దవారు కదా." పద్మనాభంగారు వెళ్ళబోతూ ఆగి, కారుకి నమస్కారం పెట్టి జీపెక్కారు.

ధూళి సద్దుమణిగాక హుస్సేన్‌బీ దగ్గరికి వచ్చింది. "ఏందయ్యా అంటన్నాడాయన? ఏమయింది ఇప్పుడు?"

కాశిం కాయితం ఆమె చేతికిచ్చి అంతా చెప్పాడు. తను ఇప్పుడు కజెమారు పెంపుడు కొడుకనీ, ఇంటి పెద్ద అదేననీ, ఇక దాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరనీ చెప్పాడు. ఆమె కాయితాన్ని తలకిందులుగా కాసేపు, సరిగ్గా కాసేపు పట్టుకుని చూసింది.

"అంటే నాకేమవుతాడు?"

"మామ."

కాశిం తాళం తిప్పాడు. కజెమారు గుర్రుమని, రెండు రెప్పలూ ఎత్తి వీధిలోకి చూసింది. అవతలి తలుపు తీసి పట్టుకుని "ఎక్కవే, హైవే దాకా పోయొద్దాం" అన్నాడు.

హుస్సేన్‌బీ అటూ ఇటూ చూసింది. చెప్పులు కింద విడిచింది. తలమీదకి నిండుగా కొంగు లాక్కుని, కళ్ళు దించుకుని, ఒద్దికగా మామగారిలో ఎక్కి కూర్చుంది.